క్లైవ్ గారి చేతిమర

కాఫీ పొడి తన మనసుకు నచ్చినట్టు పడేదాకా ప్రళయమొచ్చినా లేచేవాడు కాదు క్లైవ్ పెండర్. శనివారం శనివారం హోబార్ట్ ఊరి నుంచి కొండ మీదికి తొక్కుకుంటూ వెళ్ళే సైకిళ్ళ గుంపుకు ఆయనే పెద్ద. ఆ గుంపుకు పట్టిన శని కూడా ఆయనేనని తోటి సవారీ డారెల్ ఎగతాళి చేసేవాడు.

ఆయన సరంజామా చూసి తీరాలి. సైకిలు ముదురాకుపచ్చ, దానికి కట్టిన సంచీ అదే రంగు, వానొస్తే నెత్తిన కట్టే గుడారం గుడ్డ అదే రంగు, చివరికి మేజోళ్ళు కూడా. పొయ్యి గుప్పిట్లో ఇమిడిపోయేది. కాఫీ గింజలు పొడిచేసే ఇత్తడి చేతిమరకు నున్నటి చెక్కపిడి. ఇవన్నీ ఒక్కొక్కటే తీసి, తుడిచి, వరసగా పేర్చి, అప్పుడు మర తిప్పడం మొదలుపెట్టేవాడు. ఒకసారి మాగ్‌పై పిట్ట వచ్చి హెల్మెట్ మీద టకటకా పొడుస్తున్నా తల వంచుకుని తిప్పుతూనే ఉన్నాడు.

"పెద్దాయనా, ఈ జన్మలో అవుతుందా?" అని డారెల్ అరిచేవాడు.

"బరకగా ఉందోయ్, మళ్ళీ తిప్పాలి" అనేవాడాయన తాపీగా.

గుంపులో కొత్తగా చేరిన బ్రొన్విన్ మాత్రం ఆ చాదస్తానికి లోలోపల దణ్ణం పెట్టుకునేది. నిరుడు ఆమె ఊపిరితిత్తికి ఆపరేషనైంది. కొండెక్కడంలో అందరికంటే ఆఖరు ఆమే. ఇదివరకు వెళ్ళిన వేరే గుంపులో ఆమె రొప్పుతూ పైకి చేరేసరికి, అప్పటిదాకా హాయిగా కూర్చున్నవాళ్ళు "వచ్చేసిందిగా, పదండి" అని లేచిపోయేవారు. ఆగినవాళ్ళకే విశ్రాంతి, అలిసినదానికి లేదు. ఇక్కడ అదృష్టం కొద్దీ ఆమె చేరేసరికి కాఫీ ఏనాడూ తయారై ఉండేది కాదు.

ఆ శనివారం సన్నగా జల్లు పడుతోంది. బ్రొన్విన్ సగం దారి సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. తన ఒక్కదాని కోసం ఇంతమంది తడవడం ఇష్టంలేక, ఇదే ఆఖరు, సైకిలు అమ్మేద్దామని దారిలోనే తేల్చుకుంది. పైన ఆకుపచ్చ గుడ్డ కింద క్లైవ్ మర తిప్పుతున్నాడు. మిగతావాళ్ళు వణుకుతూ గొణుక్కుంటున్నారు. వచ్చేవారం నుంచి తాను రానని, ఇవాళ్టికి కాఫీ మానేసి దిగిపోదామని ఆమె ఆయనతో మెల్లగా చెప్పింది. ఆయన బరక సంగతే ఎత్తాడు. విసుగొచ్చి, పోనీ తానే గబగబా తిప్పేద్దామని మర లాక్కుంది.

పిడి గాలిలో తిరిగినట్టు తిరిగింది. మూత తీసి చూస్తే ఒక్క గింజ లేదు.

"ఇందులో ఏమీ లేదుగా" అంది.

"మెల్లగా తల్లీ" అన్నాడు క్లైవ్, చెవుల దాకా ఎర్రబడి. "పొడి ఇంట్లోనే ఆడించి తెస్తాను."

"మరి ఇంతసేపూ ఏం తిప్పుతున్నారు?"

"నీకు ఊపిరి అందాలిగా."

బ్రొన్విన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తాను రాకముందు ఎవరి కోసం తిప్పేవారని అడిగింది. ఆయన డారెల్ వైపు ఓరగా చూశాడు. అప్పట్లో డారెల్‌కు మోకాళ్ళు బాగుండేవి కావట. "ఆ రోజుల్లో నా కాఫీ అంత కాఫీ లోకంలో లేదని తెగ పొగిడేవాడు. ఈ సంగతి వాడికి తెలీదు. చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు."

ఆమె మర ఆయన చేతిలో పెట్టి, డారెల్ పక్కకు వెళ్ళి కూలబడింది. ఎదురుచూసి ఎదురుచూసి ఒళ్ళు మండిపోతున్నదా అని అడిగింది. డారెల్ ఆమె మొహంలోకి చూశాడు.

"మూత తీసి చూశావా?"

"నీకు తెలుసా?"

"రెండేళ్ళ కిందటే తీసి చూశాను. ఆయనకు చెప్పకు, పాపం సంబరపడుతుంటాడు."

"మరి ప్రతివారం ఆ అరుపులేంటి?"

"నేను ఆయన్ని తిట్టకపోతే ఆలస్యం నీవల్లేనని అందరూ అనుకోరూ?" అన్నాడు డారెల్.

బ్రొన్విన్ కళ్ళు తుడుచుకుని, వచ్చే శనివారం కేకు తాను తెస్తానంది. డారెల్ తలూపి, గొంతు సవరించుకుని, కొండంతా వినబడేలా క్లైవ్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. ఈసారి బ్రొన్విన్ కూడా గొంతు కలిపింది.