నేనేనా అని అడిగే గురువారం

ఆ రోజు పొద్దున ఎనిమిదికే వడగాలి మొదలైంది. బేతంచెర్ల బయట మా పాలిష్ షెడ్డులో రెండు యంత్రాలు తిరుగుతున్నాయి. మూడోది బెల్టు తెగి ఆగిపోతే నేను కొత్త బెల్టు వేస్తున్నాను. మధ్యాహ్నం లారీకి ఎత్తాల్సిన నాపరాళ్ళు సగం కూడా తయారు కాలేదు. అప్పుడు కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా సంఘానికి బోధకుడిగా ఉన్న అయ్యగారి భార్య, మేము అమ్మగారు అని పిలుస్తాం, ఒకే మాట చెప్పారు. "మీ అయ్యగారు పోయినారప్పా." సరేనమ్మా అన్నాను. బెల్టు బిగించి, యంత్రం సరిగా తిరుగుతోందో లేదో చూసి, చేతులు కడుక్కుని బయలుదేరాను.

మీలో ఎక్కువమందికి ఆయన తెలియరు. పెద్ద సభల్లో మాట్లాడిన మనిషి కారు. వారంలో ఆరు రోజులు మాతోపాటు గనిలో దిగి రాయి తీసేవారు. ఆదివారం రేకుల కప్పు కింద ముప్పై నలభై మందికి వాక్యం చెప్పేవారు. ఆయనకు జీతం ఇచ్చే స్తోమత సంఘానికి లేదు. గనిలో కూడా ఆయన్ని అందరూ అయ్యగారనే పిలిచేవారు, పక్క ఊరి తురక మేస్త్రీతో సహా. గని యజమాని ఒక్కడే పేరు పెట్టి పిలిచేవాడు.

గొంతు మంచిది కాదు. పాట ఎత్తుకుంటే పిల్లలు నవ్వేవారు. "నా పాట దేవుడు విననీ, మీరు చెవులు మూసుకోండి" అని తానే అనేవారు. గనిలోకి దిగగానే సుత్తి వెనకవైపుతో గని గోడను అక్కడక్కడ తట్టి, చెవి ఆనించి వినడం ఆయన అలవాటు. లోపల బోలుగా ఉంటే శబ్దం వేరుగా వస్తుంది. ఆయన తట్టి సరే అన్నాకే మేము పనిముట్లు దించేవాళ్ళం.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నలుగురిలో నిలబడి చదవడం నాకు ఆయనే నేర్పారు. ఆదివారం వాక్యం చదివేది నేనే. ఎవరింట్లో ప్రార్థనకు పోయినా ఆయన సంచి నా భుజానే ఉండేది. సంఘంలో ఆయన తర్వాత ఎవరు అంటే అందరూ నా పేరే చెప్పేవారు. ఇది ముందే చెప్పకపోతే తర్వాత చెప్పబోయేది మీకు అర్థం కాదు.

శుభ శుక్రవారానికి ముందురోజు సాయంత్రం ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఇంకెక్కడా నేను చూడలేదు. రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వరుసగా వచ్చే ప్రతి మనిషీ చేయి చాపి, "నేనేనా?" అని అడగాలి. ఆనాడు బల్ల చుట్టూ కూర్చున్న పన్నెండుమంది శిష్యులూ, తనను శత్రువులకు అప్పగించేది వాళ్ళలో ఒకడే అని ప్రభువు చెప్పినప్పుడు, అడిగిన మాట అది. ముసలివాళ్ళు అడగాలి, కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఆడపిల్లలు అడగాలి. అయ్యగారు జవాబు చెప్పరు. రొట్టె ముక్క చేతిలో పెడతారు, అంతే. మొదటి ఏడాది కొందరికి నవ్వు వచ్చింది. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆయన, ప్రభువును అప్పగించిన యూదా గురించి తప్ప వేరే మాట్లాడేవారు కాదు. ఒకసారి చెప్పింది నాకు బాగా గుర్తుంది. "బయటోడు రాయేస్తాడు, తిడతాడు, అంతే. అప్పగించేకి వానితో కాదు. అప్పగించల్లంటే ప్రభువు పొద్దుగూకినాక యాడ ప్రార్థన చేసుకుంటాడో తెలిసుండల్ల. ఆ తోట తెలిసింది పక్కన మోకాళ్ళూనినోనికే." ఇంకోసారి, ఆ రాత్రి శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి చెబుతూ, ఆ పళ్ళెంలో నీళ్ళు యూదా దగ్గరికి వచ్చేసరికి ప్రభువు మార్చలేదు అన్నారు. ముందు పేతురు కాళ్ళు కడిగిన నీళ్ళే అట. ఆ మాట ఎక్కడా రాసిలేదు, ఆయన ఊహ. ఇప్పటికీ నాకు అది నిజమనే అనిపిస్తుంది.

ఒక ఎండాకాలం పొద్దున ఆయన గోడను తట్టి, సుత్తి కింద పెట్టేశారు. పైపొర బోలుగా ఉంది, ఎప్పుడైనా జారుతుంది అన్నారు. నన్ను వెంటబెట్టుకుని యజమాని దగ్గరికి పోయి, ఆ పక్క రెండు రోజులు పని ఆపమని చెప్పారు. నేను పక్కనే నిలబడి విన్నాను. యజమాని విన్నాడు, సరే చూద్దాం అన్నాడు. పని ఆపలేదు. రెండో రోజు ఆ పొర జారి కింద ఉన్న కూలీ మీద పడింది. మేము రాయి ఎత్తేసరికి ఊపిరి లేదు. ఆ కూలీ భార్య అప్పుడు ఐదు నెలల కడుపుతో ఉంది. ఆమె మా సంఘంలో మనిషే.

విచారణకు ఆఫీసరు వస్తాడని తెలిసింది. అంతకు ముందు సాయంత్రం యజమాని నన్ను ఇంటికి పిలిపించాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. మీ అయ్యగారు రేపు ఏం చెబుతాడు అని అడిగాడు. నేను చెప్పాను. గోడ సంగతి ముందే చెప్పినామని చెబుతాడు, సాక్షి నేనే అని చెబుతాడు అన్నాను. యజమాని బెదిరించలేదు. షెడ్డులో మిషను మీద నమ్మకమైన మనిషి ఒకడు కావాలి, ఎండలో ఎన్నేళ్ళని రాయి కొడతావు అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆ పొద్దు నువ్వు లారీ కాడ ఉంటివి గదా" అన్నాడు. నేను అవునన్నాను.

గనిలో పనిచేయనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మే నెలలో ఆ తెల్ల రాయి మీద పడిన ఎండ కింది నుంచి మళ్ళీ మొహానికి కొడుతుంది. మధ్యాహ్నానికి కళ్ళు మండుతాయి. షెడ్డుకు కప్పు ఉంటుంది, యంత్రం మీద నీళ్ళు పారుతుంటాయి. నాకు దొరికింది ఆ నీడ. ఇది సాకుగా చెప్పడం లేదు.

మరుసటి రోజు ఆఫీసరు గని ఒడ్డున నిలబడి అందరినీ అడిగాడు. అయ్యగారు జరిగింది చెప్పారు. నువ్వు చెప్పినప్పుడు పక్కన ఎవరన్నా ఉన్నారా అని ఆఫీసరు అడిగాడు. ఆయన వెనక్కి చూడకుండానే చేయి నా వైపు చాపి, "ఈయప్ప ఉన్నాడు సార్" అన్నారు. చూడాల్సిన అవసరం ఆయనకు లేదు. నేను ఎప్పుడూ అక్కడే ఉండేవాణ్ణి.

"లేను సార్. ఆ పొద్దు నేను లారీ కాడ ఉంటిని" అన్నాను.

అప్పుడు తిరిగి చూశారు. భుజం మీది టవలు తీసి మొహం తుడుచుకున్నారు. "అట్లయితే నా మాట ఒక్కటే రాసుకోండి సార్" అన్నారు.

కూలీ అజాగ్రత్త వల్లే చనిపోయాడని కాగితం వచ్చింది. అయ్యగారిని గనికి రావద్దన్నారు. ఆయన షేర్ ఆటోలో ఏడెనిమిది మైళ్ళు పోయి వేరే గనిలో పని చూసుకున్నారు. చనిపోయిన కూలీ భార్య కోడుమూరు దగ్గర పుట్టింటికి పోయింది. నేను షెడ్డులోకి మారాను. తర్వాతి ఆదివారం, వాక్యం ఎవరు చదువుతారో అనుకుంటూ కూడికకు పోయాను. అయ్యగారు ఎప్పటిలాగే పుస్తకం నా చేతికిచ్చారు. నేను చదివాను.

ఏడాది తిరిగి ఆ గురువారం వచ్చింది. నేను వరుసలో చివర నిలబడ్డాను. నా ముందు ఒక ముసలామె అడిగి, రొట్టె తీసుకుని పోయింది. నా వంతు వచ్చింది. చేయి చాపాను, నోరు రాలేదు. ఆయన రొట్టె పట్టుకుని అట్లే నిలబడ్డారు. వెనక పాట అయిపోయింది. చాలాసేపు చూశాక ఆయనే, నాకు మాత్రం వినపడేటట్టు, "నేనేనా?" అని అడిగారు. అడిగి, ముక్క నా చేతిలో పెట్టారు.

ఆ మాట ఎందుకన్నారో నాకు ఏళ్ళ తరబడి అర్థం కాలేదు. అడిగే ధైర్యం లేదు. సంచి మోశాను, వాక్యం చదివాను. ఇల్లు కట్టుకున్నాను. నిద్రపోయే ముందు కళ్ళు మూస్తే టవలుతో మొహం తుడుచుకుంటున్న మనిషి కనిపించేవాడు. టవలు తీసేలోపు కళ్ళు తెరిచేవాణ్ణి.

ఈ చలికాలం నుంచి ఆయనకు ఊపిరి ఆడలేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్లు చెప్పారు. ఆసుపత్రిలో చివరిసారి చూడబోయినప్పుడు అమ్మగారిని టీ తాగి రమ్మని పంపి, నన్ను దగ్గరికి పిలిచారు. ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పారు.

"ఆ పొద్దు నిన్ను అడగకుండానే ఆఫీసరుకు నీ పేరు చెప్తి. ఇంట్లో ఆడమనిషి, పిల్లోళ్ళు ఉండారే, భయపడతాడే అని తలచలేదప్పా. నిన్ను అప్పగించింది నేనే. మనసులో పెట్టుకోవద్దు."

ముందురోజు సాయంత్రమే నేను యజమాని ఇంట్లో టీ తాగిన సంగతి ఆయనకు తెలియదు. నేను భయపడి మాట తప్పానని అనుకుంటూ, తనను క్షమించమని నన్నే అడుగుతున్నారు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆయన నా మొహమే చూస్తున్నారు. నేను ఆయన దుప్పటి సర్ది, ఎక్కువ మాట్లాడొద్దయ్యా అన్నాను. అమ్మగారు వచ్చేశారు.

సమాధి చేసిన తర్వాతి శనివారం, రేకుల కప్పు కింద జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఎవరికి తోచింది వాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పాలి. మొదట నన్నే లేపారు. నేను ఆయన పాట గురించి చెప్పాను, అందరూ నవ్వారు. కూర్చోబోతూ చూస్తే చివరి వరుసలో గనిలో పోయిన ఆ మనిషి భార్య ఉంది. పక్కన పదిహేడేళ్ళ కుర్రవాడు.

కూడిక అయ్యాక, కుర్రవాడు నీళ్ళ కోసం పోయినప్పుడు, ఆమె దగ్గరికి పోయి అంతా చెప్పాను. లారీ దగ్గర లేనని, అయ్యగారి పక్కనే ఉన్నానని, ముందు సాయంత్రం యజమాని ఇంటికి పోయానని.

"నువ్వు నీడకు పోయిన పొద్దే గనిలో అందరికీ తెలిసిపాయన్నా" అంది. "ఆయనకు తెలీదనుకుంటివా?"

ఆయనకు తెలిసుంటే ఆసుపత్రిలో ఆయన అడిగిన క్షమాపణ ఏమిటి? నాకు దారి ఇవ్వడానికా? రొట్టె పట్టుకుని నిలబడినట్టే, నేను నోరు తెరుస్తానని అక్కడా ఎదురుచూశారా? నాకు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు. యూదా అనగానే బల్ల దగ్గర నుంచి లేచి బయటికి పోయిన మనిషినే చూస్తాం. పోనివాళ్ళు కూడా ఉంటారు. ముందు వరుసలో కూర్చుంటారు, వాక్యం చదువుతారు, సంచి మోస్తారు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది అది.

క్షమించమని అడిగాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

"మా ఆయన జాగ్రత్త లేక సచ్చిపోయినాడని ఆ కాగితంలో ఉండాది. నా కొడుకు అదే చదువుకొని పెరిగినాడు. నువ్వు నాకు చెప్తే ఏమొస్తాది? రాసియ్యి."

అమ్మగారిని అడిగి కాగితం, పెన్ను తెచ్చుకున్నాను. కుర్చీలు ఎత్తుతున్నవాళ్ళు ఆగిపోయారు. గోడ సంగతి ముందే చెప్పామని, నేను పక్కన ఉండి విన్నానని, ఆఫీసరుకు అబద్ధం చెప్పానని, ఎందుకు చెప్పానో కూడా రాశాను. కింద పేరు రాసి సంతకం పెట్టాను. ఆమె కాగితం తీసుకోకుండా కొడుకును పిలిచి పక్కన నిలబెట్టుకుంది.

"పైకి చదువన్నా" అంది.

చదివాను. కుర్రవాడు చివరిదాకా విన్నాడు. కాగితం నా చేతిలోంచి తీసుకుని ఇంకోసారి తానే చదువుకున్నాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం యజమాని మనిషి వచ్చి షెడ్డు తాళాలు తీసుకుపోయాడు. అమ్మగారు ఆ వారంలోనే నంద్యాలలో చెల్లెలి దగ్గరికి వెళ్ళారు. తల్లీ కొడుకులు మాత్రం కూడిక జరిగిన ఆ శనివారమే, నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయారు.