ఇరవైనాలుగో కడవ

మా నాన్న దాసు బెల్లం వండేవాడు. థర్డ్ ఫారంతో, అంటే ఎనిమిదో తరగతితో, బడి ఆగింది గానీ లెక్కల పిచ్చి ఆగలేదు. మా ఊరి లెక్కల మాస్టారు అనంతరామయ్యగారు ఆయనకు ఏడాదికో పుస్తకం ఎరువిచ్చేవారు. తప్పు పుస్తకం ఎంచుకుంటే ఆ ఏడాది గంగలో కలిసినట్టే.

పందొమ్మిది వందల యాభై అయిదులో ట్రిగొనామెట్రీ పూర్తయింది. ఇక మీదట ఏమిటి? మాస్టారు ఆల్జీబ్రా ముందుకు తోశారు.

"మా బెల్లం పెనంలో ఏ మట్టానికి ఎంత చెరుకురసం పడతాదో అందులో ఉంటాదాండి?" అన్నాడు నాన్న.

"అది కాలిక్యులస్‌రా. నీకు కొరుకుడు పడదు."

"అయితే అదే ఇప్పించండి."

మాస్టారికి ఒళ్లు మండింది. "తీసుకుపో. ఆ లెక్క తేల్చలేకపోతే మళ్లీ నా గుమ్మం ఎక్కకు" అన్నారు.

కమ్మరి సాగగొట్టిన మా పెనం ఏ పుస్తకంలోని ఆకారానికీ లొంగదు. నాన్న దాన్ని మనసులోనే పల్చటి పొరలుగా కోసి, పొరపొరనూ కూడాడు. ఎండాకాలమంతా అదే పని. చివరికి వెదురుపుల్ల మీద ఒక గీత పెట్టాడు. నీళ్లు అక్కడికొస్తే ఇరవైనాలుగు కడవలు.

గానుగ కట్టేముందు మాస్టారే స్వయంగా లెక్కపెట్టడానికి వచ్చారు. "మొదటిది లాభం అనాలండి బాబూ" అన్నాడు నీళ్లు మోస్తున్న బంగార్రాజు. మాస్టారు నవ్వి "లాభం" అన్నారు. కడవలు పడుతున్నాయి. నీళ్లు గీతను తాకేసరికి మాస్టారి నోట "ఇరవైమూడు" వచ్చింది.

అందరూ ఘొల్లున నవ్వారు. నాన్న మొహం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ దేముడమ్మ ముందుకొచ్చింది. "బాబుగారూ, లాభం తరవాత ఏటన్నారండి?"

"ఒకటన్నాను."

"లాభం కూడా కడవేనండి! దాని తరవాత మేం రెండంటాం."

పెద్ద చదువుల మాస్టారు ఒక కడవ మింగేశారు! ఆయన నాన్నను తన ఇంటికి తీసుకువెళ్లి బీరువా బార్లా తెరిచారు. "ఇక నేను చెప్పనురా. నీకు కావలసింది నువ్వే తీసుకో."

నాన్న అన్నీ తిరగేసి, అప్పుడు వద్దన్న ఆల్జీబ్రానే తీశాడు.

"ఇదేమిట్రా?"

"మీరు సెప్పేరని కాదండి. కాలిక్యులస్‌లో నేను తడబడ్డదల్లా ఇక్కడే."

మాస్టారు తన కండువాతో ఆ పుస్తకం దుమ్ము తుడిచి, రెండు చేతులతో అందించారు.