కరుణమ్మ టీచరు అంటించిన పట్టిక

శనివారం పొద్దున ఐర్లండులోని పోర్ట్‌లీష్‌లో మా అమ్మాయి కమోగీ ఆడే మైదానానికి వెళ్ళి, బట్టలు మార్చుకునే గది తలుపు తీస్తే చాలు, తడి బూట్ల వాసననీ నలిగిన గడ్డి వాసననీ వెనక్కి నెట్టి నొప్పుల మందు వాసన గుప్పుమంటుంది. కమోగీ అంటే కర్రతో బంతిని కొడుతూ పరుగెత్తే ఇక్కడి ఆడపిల్లల ఆట. మా నిహ కూడా మిగతా పిల్లల్లాగే ఆ మందు మోకాళ్ళకి పట్టించుకుని వానలోకి దూకుతుంది. నేను మాత్రం ఆ వాసనకి రేపల్లె వెళ్ళిపోతాను. మా బాలికల హైస్కూలు వరండాలో కరుణమ్మ టీచరు ఎదురుగా, మందు రాయమని కాళ్ళు చాపుకుని కూర్చుంటాను.

కరుణమ్మ టీచరు మా డ్రిల్లు టీచరు. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాటినుంచే ఖోఖో శిబిరం పెట్టేది. ఎండ ముదరకముందే ముగ్గుపిండితో గీతలు గీసి, రెండు చివర్లా గుంజలు పాతి, మమ్మల్ని నాలుక బయటికొచ్చేదాకా పరిగెత్తించి, ఆ తర్వాత వేపచెట్టు నీడన తలా ఒక గుప్పెడు నానబెట్టిన శెనగలూ బెల్లంముక్కా పెట్టేది. ఇంటికి వెళ్ళే దారిలో ముంజలు అమ్మేవాళ్ళ దగ్గర ఆగి, బొటనవేలితో పొడిచి, నీళ్ళు మోచేతిదాకా కారుతుంటే జుర్రుకునేవాళ్ళం. ఇంటికొచ్చేసరికి కొత్తావకాయ అన్నంలో వెన్నపూస వేసి నాయనమ్మ కాచుకుని ఉండేది. ఇప్పుడు నేను పనిచేసే ఆసుపత్రిలో నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే దాన్ని, ఆ రోజుల్లో నన్ను ముట్టుకోవాలంటే ముగ్గురికి చెమటలు పట్టేవంటే ఎవరూ నమ్మరు.

శిబిరం ఆఖరి రోజున టీచరు మా అందరి జాతకాలు రాసేది. దర్జీ టేపుతో కాళ్ళు కొలిచి, వేలికి సుద్ద పూసి గోడమీద ఎంత ఎత్తుకి ఎగురుతామో గీత గీసి, మణికట్లు నొక్కి చూసి, రిజిస్టరులో వయసు సరిపోల్చుకుని, పెద్ద డ్రాయింగు కాగితం మీద వరస నంబర్లతో రాసి సైన్సు గది తలుపుకి అంటించేది. ఊళ్ళోవాళ్ళు పదో తరగతి ఫలితాలకైనా అంత ఎగబడేవాళ్ళు కాదు.

ఆ ఏడు మొదటి పేరు నాదే. 'వసుంధర, పదకొండేళ్ళు. ఈ వయసుకే ఇంత వేగం! దేశానికి ఆడుతుంది.' రెండో పేరు మస్తానమ్మ. 'పదకొండేళ్ళు. పొట్టి కాళ్ళు, పెద్ద బుర్ర. జిల్లాదాకా వెళ్తుంది.' గుప్పెడంత మనిషి, నా పక్కనే కూర్చునేది. మూడో పేరు సుశీల. 'బద్ధకం. పరుగుకి పనికిరాదు.' ఇవాళ ఆ సుశీల రోజూ పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తుతుందట.

మొదటి పేరున్న పిల్లకి దూరపు ఊళ్ళో ఆటల హాస్టల్లో సీటు. అందరిలోకీ ఒక్కటే సీటు, పన్నెండేళ్ళు దాటకూడదు. మా నాన్న బజారంతా చెప్పుకుని పొంగిపోయాడు. నాకు మాత్రం అన్నం సహించలేదు. ఎందుకంటే నాకు పదకొండు కాదు, పదమూడు నిండవస్తున్నాయి. జబ్బుచేసి బళ్ళో ఆలస్యంగా వేస్తే, హెడ్మాస్టారు "రిటైర్మెంటుకి కలిసొస్తుందిలేవయ్యా" అని రెండేళ్ళు కోసేసి జూన్ ఒకటో తారీఖు వేశాడు. ఆ రోజుల్లో సగం ఊరు జూన్ ఒకటినే పుట్టింది. నా వేగమంతా ఆ రెండేళ్ళదే. హాస్టల్లో అది బయటపడుతుందన్న భయం ఒకటి, అమ్మని వదిలి ఉండలేనన్న భయం ఇంకొకటి. మస్తానమ్మ సీటు కాజేస్తున్నానన్న బాధ కూడా ఉంది గానీ, నిజం చెప్పాలంటే అది మూడోది.

అందుకని ఒక ఎత్తు వేశాను. హాస్టలు కాగితాలమీద సంతకం కోసం టీచరు వస్తానంటే, నాన్న కొట్లో ఉండే వేళకి రమ్మని చెప్పి, అరుగుమీద చింతపండు గింజలు తీస్తున్న నాయనమ్మ పక్కన కూర్చోబెట్టాను.

"పదకొండేళ్ళకే ఎంత చురుకండీ మీ మనవరాలు!" అంది టీచరు.

"పదకొండేందమ్మా? ఉప్పెనొచ్చిన నాటికి ఇది నా ఒళ్ళో బోర్లాపడతా ఉంది!"

టీచరు ఉప్పెన వచ్చిన డెబ్భై ఏడు నుంచి వేళ్ళమీద లెక్క వేసుకుంది. నావైపు ఒక్క చూపు చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. మర్నాడు నా పేరు కొట్టేసి ఉంది. నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు, అయినా నేను హాయిగా తిన్నాను, పడుకున్నాను. మస్తానమ్మ రేకు పెట్టె పట్టుకుని బస్సెక్కింది. తర్వాత ఇన్‌లాండు కవరులో ఒక ఉత్తరం వచ్చింది. 'ఇక్కడ అన్నం ముద్ద దిగడంలేదే, రోజూ ఏడుస్తున్నా.' దానికి నేను జవాబు రాయలేదు. నా భయం కొద్దీ దాన్ని అక్కడికి తోశానన్న ముల్లు ముప్ఫై అయిదేళ్ళుగా లోపలే ఉంది.

ఇవాళ మైదానం పక్కన గొడుగు కింద నిలబడి ఉండగా ఫోనులో, మా పాత బడి గ్రూపులో, ఆ పట్టిక ఫొటో వచ్చింది. పంపింది మస్తానమ్మే. రాష్ట్రానికి ఆడి, ఇప్పుడు అదే బళ్ళో డ్రిల్లు టీచరుగా ఉంది. బీరువా సర్దుతుంటే దొరికిందట. చెదలు తిన్న ఆ కాగితంలో కొట్టేసిన నా పేరుని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. కరుణమ్మ టీచరు పోయింది, నాయనమ్మ పోయింది, మేం పరిగెత్తిన నేలమీద గదులు లేచాయి, పిల్లల వయసులు ఉప్పెనలతో లెక్కగట్టేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఇంకెప్పుడు చెప్పుకుంటానని అప్పటికప్పుడే ఫోన్ చేశాను. నాయనమ్మ దగ్గర కూర్చోబెట్టిన సంగతి, ఉత్తరానికి రాయని సంగతి, అన్నీ చెప్పేశాను.

అవతల పకపకా నవ్వు. "ఓసి పిచ్చి మొహమా! నాకప్పటికి పద్నాలుగు నిండినియ్యే! మా అయ్య మూడేళ్ళు తగ్గించి రాయించాడు. మీ నాయనమ్మ నోరు జారిందని తెలిసి, టీచరు మా ఇంటికెక్కడొస్తదోనని మా అమ్మా నేనూ కలిసి మా అవ్వని పదిరోజులు మా మేనత్త ఊరికి తోలేశాం!"

ఉత్తరం సంగతి మాత్రం నేను వదల్లేదు.

"మరి ఏడుస్తున్నానని రాశావు కదే?"

"ఏడ్చింది వారమేలే. ఇంట్లో ఉండుంటే ఆ మాఘమాసంలో మా మావకిచ్చి చేసేవాళ్ళు. తాంబూలాలు గూడా అయినయ్. సీటొచ్చిందని టీచరొచ్చి అడిగితే మా అయ్య కాదనలేకపోయాడు. నువ్వా పన్జేయకపోతే ఈపాటికి మనవళ్ళ ముక్కులు తుడుస్తా ఉండేదాన్ని."

ఫోన్ పెట్టేశాక గొడుగు పక్కకి ఒరిగిపోయినా పట్టించుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కనున్న ఐరిష్ తల్లి నా భుజంమీద చెయ్యి వేసి, బాగానే ఉన్నావా అని అడిగింది.

"గ్రాండ్" అన్నాను. బాగానే ఉన్నాననడానికి, ఈ దేశం వచ్చిన నాటినుంచీ అందరికీ రోజుకి పదిసార్లు చెప్పే మాటే. మనసులో ఏ బరువూ లేకుండా చెప్పింది మాత్రం ఇవాళే.