మైకు వైరు పీకేశాక చదివిన పేజీ

మా ముకద్దం కొట్టేటప్పుడు తిట్టడు. తిట్టినా బట్ట నేసే లూముల మోతలో వినపడదని ఆ శ్రమ మానుకున్నాడు. ముకద్దం అంటే సేఠ్ తరఫున మా మీద పెత్తనం చేసేవాడు. పరాయివాడేం కాదు, మా జిల్లావాడే. మమ్మల్ని ఊళ్ళ నుంచి సూరత్ తెచ్చి పనిలో పెట్టిందీ వాడే, ఎదురు చెబితే ఇనప పానాతో ఎముకలు విరగ్గొట్టేదీ వాడే.

ఆరేళ్ళ కిందట సూరత్ పక్కన పల్సానా కార్ఖానాలో నా లూము నుంచి నాడె ఎగిరింది. నాడె అంటే రెండు కొసలా ఇనప మొనలున్న కర్రముక్క; దారం మోసుకుంటూ లూములో అటూ ఇటూ ఉరుకుతుంది. దారి తప్పిందంటే కన్నో పన్నో పోవలసిందే. ఆ రోజు నా చెవి రాసుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది. పక్క లూముల మీదున్న బావ అది చూశాడు. బావ అంటే చుట్టరికం కాదు. ఒకే మండలం వాళ్ళం, ఒకే గదిలో ఉండి ఒకే గిన్నెలో వండుకునేవాళ్ళం. అతను ఉరికొచ్చి నావి నాలుగూ తనవి నాలుగూ లూములు ఆపేశాడు. ఇవి బాగుచేస్తే తప్ప నడపమని ముకద్దం మొహం మీదే చెప్పాడు.

ముకద్దం నా వైపు చూసి మూతి కదిలించాడు. "పట్టుకోరా వాన్ని."

లూముల దగ్గర మేం చెవులతో వినం, మూతులు చదువుతాం. ఇప్పటికీ మావాళ్ళు డ్యూటీలో వీడియో కాల్ చేసుకుని, పెదాలు చూసుకుంటూ ఇంటి సంగతులన్నీ మాట్లాడేసుకుంటారు. ముకద్దం మూతి నేను సరిగ్గానే చదివాను. వెనక నుంచి బావ చేతులు రెండూ విరిచి పట్టుకున్నాను. పని పోతుందన్న భయం తప్ప నాకు వేరే కారణమేమీ లేదు. ముకద్దం పానా అతని కుడిచెవి మీద మూడుసార్లు పడింది. నెత్తురు నా ముంజేతి మీదికి వెచ్చగా కారింది. అతను కూలబడగానే వదిలేసి, అప్పుడే ఉరికొచ్చి మూగిన నలుగురిలో కలిసిపోయాను.

ఆ చెవి మళ్ళీ వినలేదు. బావ కళ్ళు తెరిచేసరికి దగ్గరగా కనిపించింది మాతోనే పనిచేసే అతని పెద్దనాన్న కొడుకు. పట్టుకున్నది ఆయనే అనుకున్నాడు. వారం తిరక్కుండా సూరత్‌లోని ఖటోదరాలో నడిరోడ్డు మీద ఆ అన్న నుదురు ఇటుకతో పగలగొట్టాడు. "నేను గాదు తమ్మీ, ఒట్టు" అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. నేను అక్కడే ఉన్నాను. బావను వెనక్కి లాగిందీ నేనే, అన్నకు తువ్వాల చింపి కట్టు కట్టిందీ నేనే, నోరు విప్పనిదీ నేనే. అన్న సూరత్ వదిలేసి భివండీ లూముల్లోకి వెళ్ళిపోయాడు. థూ, నాదీ ఒక బతుకేనా!

పదో తరగతితో చదువు ఆగినా నాకు రాసుకునే పిచ్చి ఉంది. కిందటేడు ఇక్కడి డాక్టరమ్మ ఒకావిడ, తెలుగావిడే, ఎవరు రాసింది వాళ్ళే నిలబడి చదవాలని ఆదివారం సభ ఒకటి తలపెట్టింది. నేను ఆ దెబ్బల సంగతే రాశాను. అందులో ఒకే ఒక్క అబద్ధం: "ఎవరో వెనక నుంచి పట్టుకున్నారు."

లూముల మధ్య నిలబడి చదవడం సాధన చేశాను. అక్కడ ఎంత అరిచినా ఎవడూ తిరిగి చూడడు. ఆ అలవాటుతోనే క్లినిక్‌లో డాక్టరమ్మ ముందు చదివితే, బయట కూర్చున్న రోగులు కొట్లాట అనుకుని లేచి నిలబడ్డారు.

"మంచి గొంతు మీది, ఇంత అరవక్కర్లేదు," అంది డాక్టరమ్మ. "జనంలో ఒక్క ముఖం చూసుకోండి. ఆ ఒక్కరికే చెబుతున్నట్టు చదవండి." మళ్ళీ చదివించింది. నాలుగోసారి చెయ్యెత్తి ఆపింది. "ప్రతిసారీ ఈ 'ఎవరో' దగ్గరికి రాగానే మీ గొంతు పడిపోతోంది. ఎందుకని?"

"గదేం లేదు మేడం," అన్నాను. నాకు ఒళ్ళు మండింది. ఈవిడకెందుకు? కాగితాలు లాక్కుని గదికి వచ్చేశాను. అద్దం ముందు నిలబడి చదివాను. మళ్ళీ అక్కడే పడిపోయింది. కోపం పట్టలేక గోడను గుద్దితే వేళ్ళు వాచాయి. వాచిన వేళ్ళతోనే "ఎవరో" కొట్టేసి "నేను" అని రాశాను.

సభ రోజు ముకద్దం ముందు వరసలో కూర్చున్నాడు. భోజనాల ఖర్చు తనదే మరి. బావ మూడో వరసలో, పనిచేసే చెవి స్టేజీ వైపు తిప్పుకుని ఉన్నాడు. వెనకంతా లూముల మనుషులే. బావ ముఖం ఒక్కటే చూస్తూ మొదలుపెట్టాను. నాడె ఎగిరిన చోట వెనకవాళ్ళు చెవులు తడుముకున్నారు. పానా లేచిన చోట ముకద్దం లేచాడు.

"ఏందిరా గిది? నేను పెట్టిన తిండి తిని నన్నే బజారుకీడుస్తవా?" అంటూ వచ్చి మైకు వైరు పీకేశాడు. స్టాండును ఒక్క తన్ను తన్నాడు. అది నా మోకాలికి తగిలి పడింది. వాడి మనుషులు కుర్చీలు ఎత్తారు, మావాళ్ళూ ఎత్తారు. ఎవరి తలో పగిలిన చప్పుడు. ఆ ఇనప స్టాండుతోనే వాణ్ణి అక్కడికక్కడ చంపెయ్యాలనిపించింది. వంగి అందుకున్నాను కూడా.

అంత గోలలోనూ బావ కూర్చున్నచోటే ఉన్నాడు. నా మూతి వైపే చూస్తున్నాడు. స్టాండు వదిలేశాను. అరవలేదు. లూముల దగ్గర మాట్లాడినట్టు, ఒక్కో మాటకూ పెదాలు పూర్తిగా కదిలించి చదివాను. "వెనక నుంచి బావ చేతులు విరిచి పట్టుకున్నది నేను." వెనక వరసల్లో ఎత్తిన కుర్చీలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. వాళ్ళూ నా మూతి చదివారు. ఈసారి ఆ మాట దగ్గర నా గొంతు పడిపోలేదు.

బావ స్టేజీ ఎక్కాడు. లాగి నా కుడిచెవి మీద కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. రెండోది పెదవి మీద పడింది. మూడోది మళ్ళీ చెవి మీద. పానా ఎన్నిసార్లు పడిందో అన్నిసార్లు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"నీ పానం కోసమే గదరా లూములు బంద్ జేసిన!" అన్నాడు. ఏడుస్తున్నాడు.

"దింపుర్రి వాన్ని!" అని ముకద్దం కింద నుంచి అరిచాడు. ఎవరూ కదల్లేదు.

బావ ఫోన్ తీసి, ఆరేళ్ళుగా ముట్టని నంబరుకు వీడియో కాల్ చేశాడు. మూడోసారికి ఎత్తారు. తెర మీద అన్న ముఖం, నుదుటి మీద అడ్డంగా ఇటుక మచ్చ. వెనక భివండీ లూములు ఆడుతున్నాయి. ఆ మోత ఫోన్లోంచి స్టేజీ అంతా నిండింది. "అన్నా" అని మూతి కదిలించాడు బావ. ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"సదువు," అన్నాడు. "మోతల ఆయనకు ఇనపడది. జర మూతి మంచిగ తిప్పి సదువు."

పెదవి నుంచి నెత్తురు కారుతోంది. మాట సరిగ్గా కనబడాలని తుడుచుకున్నాను. అన్న ముఖం ఒక్కటే చూస్తూ మొదటి పేజీ తీశాను.