రాగిపిండి ఏనుగు

బంగారు గనులు మూతపడిన ఆ తొలి ఏళ్ళలో, మా ఊళ్ళో ఇంకో తలుపు మూసేస్తున్నారంటే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోయేవారు కాదు. రాబర్ట్‌సన్‌పేటలోని మా చిన్న గ్రంథాలయానికీ ఆ వంతు వచ్చింది. "పిల్లోళ్ళు యాడ వస్తారమ్మా? అందురూ ఇండ్లల్లో బొమ్మల సినిమాలు చూస్తా కూర్చోనుండారు. శనివారం వస్తాను. ఇట్లే ఉంటే బీగం వేసేద్దాం" అన్నారు పై ఆఫీసరు. అప్పుడే ఉద్యోగంలో చేరిన నాకు ఒళ్ళు మండింది. "అట్లయితే మన పుస్తకంతోనే బొమ్మల సినిమా చేస్తాను సార్" అనేశాను. (అదెలా చేస్తారో అప్పటికి నాకు తెలియదు.)

దాహంతో చెరువు వెతుక్కుంటూ పోయే ఏనుగు కథ ఎంచుకున్నాను. కొత్తగా ఏదీ కొనకూడదని పంతం. (కొనడానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదనేది వేరే సంగతి.) పాత పేపర్లు కొండలయ్యాయి, చిరిగిన అట్టలు చెట్లయ్యాయి. కంప్యూటర్‌కు మిద్దె మీది సోలార్ పలకే దిక్కు. (మిట్టమధ్యాహ్నం కూడా అది ఆగిపోతుంటే పైకెక్కి చూశాను. ఊడ్చే ఆయమ్మ పలక నిండా వడియాలు పెట్టి ఉంది.) ఆ ఆయమ్మే రాగిపిండి ముద్దతో ఏనుగును చేసిచ్చింది. దాన్ని వెంట్రుకవాసి జరుపుతూ, మా చిన్నాన్న కెమెరాతో ఫోటో వెనక ఫోటో తీశాను. వాటిని కంప్యూటర్‌లో వరసగా ఆడిస్తే ఏనుగు నడిచింది.

మర్నాడు చూస్తే ఏనుగుకు తోక లేదు. ఆ మర్నాటికి పొట్ట లోపలికి పోయింది. బీరువాలో పెట్టి తాళం వేసినా ఎలుకలు వదల్లేదు. "ఇంగొకటి చేస్తానుండు పాపా" అంది ఆయమ్మ. కొత్త ఏనుగంటే మళ్ళీ మొదటినుంచీ తీయాలి, శనివారమేమో ముంచుకొస్తోంది. మిగిలిన ఏనుగుతోనే కానిచ్చాను. చెరువు చేరేసరికి అది బొటనవేలంత ఉంది.

బొమ్మల సినిమా అనగానే శనివారం పిల్లలతో గది నిండింది, ఆఫీసరుగారూ వచ్చారు. ఆట మొదలైన కాసేపటికి, "నీళ్ళు లేక చిక్కిపోతా ఉండాది, పాపం" అంది ముందు కూర్చున్న ఒక పాప. బోర్లు ఎండిపోయిన ఊళ్ళ పిల్లలకు ఇంకెవరూ వివరించనక్కర్లేదు. ఆ బుజ్జి తొండం నీళ్ళలో మునగగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంత బాగా ఎట్ల చిక్కిపోయేట్ల చేసినావమ్మా?"

"ఎలుకలు చేసినాయి సార్."

ఆయన నవ్వగా అదే మొదటిసారి చూడటం. "అట్లయితే ఎలుకల మందు వద్దు. బీగమూ వద్దు" అన్నారు.

ఆ వారమంతా పిల్లలు ఆ పుస్తకం కోసం కొట్టుకున్నారు. ఆ పాపే ముందు చదివి తిరిగొచ్చింది. "అక్కా, బుక్కులో తప్పుండాది. కడదాకా ఏనుగు లావుగానే ఉండాది." పెన్సిలిచ్చి కూర్చోబెట్టాను. తను గీసిన బక్క ఏనుగును ఆఖరి పేజీలో అతికించాం.

గ్రంథాలయం నేటికీ తెరిచే ఉంది. ఈ మాట చెప్పేటప్పుడు నా మెడ దానంతటదే నిటారుగా అవుతుంది. కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు, ఏమీ తెలియకుండానే అంత మాట ఎట్ల అనేసినారు మేడమ్ అని. తెలిసుంటే అనేదాన్ని కాదమ్మా, అంటాను. ఇప్పుడు అన్నీ తెలిసిన నేను, కిటికీకి కొత్త కర్టెన్ వేయాలన్నా నాలుగు రోజులు ఆలోచిస్తున్నాను.