జొన్నలు ఎండబోసిన చోటు

పాలమూరు పక్కన కట్టిన రిజర్వాయరులో మల్లప్ప సందర్శకులను మోటారు పడవలో తిప్పుతాడు. అతని ఊరు ఆ నీళ్ల కిందే ఉంది.

నీళ్ల నడుమ ఒకచోటికి రాగానే పడవను పక్కకు తిప్పి, చుట్టూ తిరిగి పోతాడు. అక్కడ అడ్డంగా బండ లేదు, చెట్టు లేదు. సెల్ఫీల పోరగాళ్లు విసుక్కుంటారు.

"సక్కగ పోవచ్చు గదనే, తాతా?"

"గాడ మా అమ్మ వాకిట్ల జొన్నలు ఎండబోసేది. తొక్కితే ఊకుంటదా?"

వాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

భార్య నాగరాణి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ పడవ ఎక్కలేదు. "మునిగిన ఊరి మీద షికారేంది?" అని కసురుకునేది. మొన్న చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలు చెయ్యి పట్టి లాగితే ఎక్కింది. ఒడ్డునున్న గుట్టనే చూస్తూ కూర్చుంది. మల్లప్పేమో మరదలితో పరాచికాల్లో పడి, ఆ చోటు దగ్గర పడవ తిప్పడం మరిచాడు.

నాగరాణి దిగ్గున లేచి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుంది.

"జర పక్కకు తిప్పు! జొన్నలు తొక్కుతున్నవ్. అత్త సూస్తది."