సభంతా కలిసి చదివిన హెచ్చరిక

మా మందిరం పాటలన్నిటినీ, అంటే రెండేళ్ళు కూర్చుని టైపు చేసినవాటిని, ఒక ఆదివారం సభ నిండుగా ఉండగా నేనొక్కదాన్నే తుడిచిపెట్టేశాను. కారణం మా తోటికోడలు సునీత. పాపం, ఆమె ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకపోయినా అందరూ ఆమెనే మెచ్చుకుంటారు, అదీ నా బాధ.

పలాసలోని మా క్రైస్తవ ప్రార్థన మందిరంలో పాటల మాటలు తెరమీద వేసే పని నాది. పాప పుట్టి నాలుగు నెలలు మానేస్తే ఆ కుర్చీలో సునీత కూర్చుంది. నేను తిరిగొచ్చిన రోజునే మా పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, "సునీత ఏత్తే అచ్చరాలు ఎంత పెద్దగా కనపడతాయో!" అన్నారు. జీడిపిక్క రసం చేతికంటినట్టు చుర్రుమంది నాకు.

తెరకు కలిపిన కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టములు. పాటలు విండోస్‌వైపు, ఆరాధన రికార్డు చేసుకునేది లినక్స్‌వైపు. అందులో లినక్స్ పాడైంది.

"టెక్కలి షాపుకి ఇచ్చీదాం అక్కా. ఒక్క ఆదివారం తెర లేకపోతే ఏటవుద్ది?" అంది సునీత.

"షాపెందుకు? పాటలు నడుస్తుండగానే నేను మళ్ళీ ఎక్కించీగలను. ఒక్క నిమిషం కూడా ఆగదు."

"సేసీగలవేటి?" అన్నారు అమ్మగారు. "అలగైతే సూద్దాం. బాగా సేత్తే ఆ కుర్సీ నీదే. లేదంటే సునీతకిచ్చీద్దాం."

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. కత్తిపీటకీ ఒక తోటికోడలుంటే తెలిసేది.

ఉపాయం సులువే. ఆ పూటకి కంప్యూటరు పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది. తెరమీద డిస్కులోని పాటలు, వెనకాల అదే డిస్కులోకి లినక్స్ ఎక్కడం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ ఇంట్లో పాప గెలవనివ్వదు. అందుకని తిన్నగా రచ్చకే వెళ్ళాను.

రెండు పాటలు బ్రహ్మాండంగా నడిచాయి. పాప ఒళ్ళో ఉంది. లినక్స్ డిస్కంతా పెట్టనా, పాత చోటులోనే పెట్టనా అని కంప్యూటరు అడిగింది. సరిగ్గా అప్పుడే సునీత మా అత్తగారి చెవిలో ఏదో చెప్పి నవ్వింది. నా గురించే! ఇంకెవరి గురించి నవ్వుతుంది? ఆమె పెదవులు చదువుతూ, పైన కనిపించినదాన్ని నొక్కేశాను.

మా దగ్గర బైబిల్లోని కీర్తన చదివే పద్ధతి ఒకటుంది. అయ్యగారు ఒక వాక్యం చదివితే, సభ తెర చూసి తర్వాతి వాక్యం చదవాలి. అయ్యగారు చదివి ఆగారు. కీర్తన మీదికి ఒక పెట్టె ఎగిరొచ్చి నిలబడింది. గొప్పకోసం కంప్యూటరు అడిగేవన్నీ తెలుగులోనే వచ్చేలా పెట్టాను కదా, సభంతా గొంతెత్తి భక్తిగా చదివింది:

"డిస్కులో ఉన్నదంతా తుడిచివేయబడుతుంది. కొనసాగించాలా?"

"ఆమెన్," అన్నారు అయ్యగారు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఆ పెట్టె తెరమీంచి పోతే చాలు దేవుడా అని నొక్కేశాను. పోయింది. లినక్స్‌తోపాటు విండోస్ పోయింది, పాటలు పోయాయి.

కీర్తన అయిపోయింది. మా అత్తగారు వెనక్కి తిరిగారు. "ఏటే, పాట ఎయ్యవేటి?"

"ఏస్తన్నానత్తా."

సునీత వచ్చి పక్కన వంగింది. "అక్కా, పాటలేవి?"

"ఉన్నాయి."

"ఎక్కడ?"

"ఇందాకటిదాకా ఇక్కడే ఉన్నాయి."

"ఓలమ్మో! కాపీ లేదేటి?"

"నీ దగ్గర లేదా?"

"నాకెప్పుడిచ్చినావు? మూడుసార్లు అడిగినాను. తర్వాత సూద్దాంలే అన్నావు!"

నిజమే. ఆమె చేతికి వెళ్తాయనే దాచుకున్నాను.

ఇంతలో ముందు వరుసలో ఒక మామ్మ, ఇక ఆగలేక, తనకు వచ్చిన పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. కళ్ళు మూసుకుని, రేకులు ఎగిరిపోయేలా పాడారు. అయ్యగారు పొంగిపోయారు. "ఎంత బాగా పాడినారమ్మా! ఇంక ఈ తెర తీసీద్దాం. వచ్చే వారం నుంచి పుస్తకాలే."

సునీత ముఖం వాడిపోయింది. నేను తల దించుకున్నాను. ఏడుస్తున్నాననుకుని అమ్మగారు నా వీపు నిమిరారు. మీరు కడుపులో పెట్టుకుంటానంటే చెప్తాను: నాకు పోయిన కుర్చీ ఆమెకూ దక్కలేదన్న నవ్వు ఆపుకోలేక దించాను.

పాప మీద ఒట్టు పెట్టే ధైర్యం లేదు కాబట్టి ఆ పెన్‌డ్రైవ్ మీద ఒట్టు: జనం చదివే చోట ఇక ఏ సిస్టమూ ఎక్కించను. దేనికైనా ముందే కాపీ తీసి పెడతాను. ఆ కాపీ సునీతకిస్తానని మాత్రం నేను ఒట్టు పెట్టలేదు.